పద్దెనిమిది నిండాక ఆ పిల్లలు ఎవరి తాలూకా? సిక్కోలు దాతలకు బహిరంగ లేఖ

శ్రీకాకుళం జిల్లాలో బాలల గృహాలకు, అనాథ పిల్లల హోమ్‌లకు ఏళ్ల తరబడి అండగా ఉంటున్న దాతలకు, ఉద్యోగ సంఘాల, పెన్షనర్ల సంఘాల పెద్దలకు, విశాఖలోనో హైదరాబాద్‌లోనో అమెరికాలోనో స్థిరపడినా సిక్కోలును మరిచిపోని మనవాళ్లందరికీ నమస్కారం.

మీలో చాలామంది నాకు ముఖపరిచయమే. పాప మొదటి పుట్టినరోజనో, నాన్నగారి సంవత్సరీకమనో, పెళ్లిరోజనో హోమ్‌లో పిల్లలకు ఒక పూట భోజనం పెట్టిస్తుంటారు. కొందరు బియ్యం బస్తాలు దించుతారు. బడులు తెరిచే జూన్‌లో నోటు పుస్తకాలు, చలి మొదలయ్యాక దుప్పట్లు తెచ్చి ఇస్తారు. ఈ జిల్లాలో హోమ్‌లు నడుస్తున్నాయంటే అందులో మీ చేయి చాలా ఉంది. మీరొచ్చే రోజు కోసం పిల్లలు పొద్దున్నే తలలు దువ్వుకుని గేటు దగ్గర కాచుకుని ఉండటం నేను చూశాను. కాబట్టే ఇప్పుడు అడగబోయేది ముందుగా మిమ్మల్నే అడుగుతున్నాను.

మీరు కేకు తినిపించిన ఎనిమిదేళ్ల పిల్లాడు పెరుగుతాడు. పద్దెనిమిది నిండగానే చట్టం లెక్కలో అతను బాలుడు కాడు. హోమ్ విడిచిపెట్టాలి. అప్పటినుంచి మూడు నాలుగేళ్లు అతని వెనక ఒక మనిషి కావాలి. ఫోన్ చేస్తే ఎత్తే మనిషి, సంతకం పెట్టే మనిషి, తప్పు చేస్తే కోప్పడి మళ్లీ మర్నాడు పలకరించే మనిషి. మీలో ఒక్కొక్కరు, లేదా మీ కుటుంబం అంతా కలిసి, పదహారు పదిహేడేళ్ల వయసున్న ఒక్క అమ్మాయికో అబ్బాయికో అలా తోడుగా నిలవాలని అడుగుతున్నాను. వాళ్లకు ఇరవై ఒకటి వచ్చేదాకా, వీలైతే ఇంకో రెండేళ్లు.

మేం ఆ పని చేస్తున్న కొద్దిమందిమి. టీచర్లం, ఒక నర్సు, బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒకాయన, డిగ్రీ చదువుతున్న కుర్రాళ్లు కొందరు. సంస్థ అని చెప్పుకోవడానికి ఒక చిన్న గది, ఒక బీరువా ఉన్నాయి. పిల్లలు మాత్రం మేం చూడగలిగిన దానికంటే ఎక్కువమంది ఉన్నారు.

చట్టం ఈ పిల్లల్ని పూర్తిగా గాలికి వదిలేయలేదు. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టంలోని 46వ సెక్షన్, పద్దెనిమిదేళ్లు నిండి హోమ్ నుంచి బయటకు వెళ్లేవాళ్లకు ఆర్థిక సాయం అందించవచ్చని చెబుతోంది. దీన్నే ఆఫ్టర్ కేర్ అంటారు. ఇది ఇరవై ఒకటి వరకు వర్తిస్తుంది. ప్రత్యేక పరిస్థితుల్లో మరో రెండేళ్లు పొడిగించవచ్చని కేంద్రం 2016లో ఇచ్చిన నమూనా నియమాల్లో ఉంది. ఆ నియమాలు చదివితే, రాసినవాళ్లు పిల్లల గురించి నిజంగానే ఆలోచించారనిపిస్తుంది. ఆరుగురు, ఎనిమిది మంది కలిసి తాత్కాలికంగా ఉండేందుకు ఒక ఇల్లు, శిక్షణ సమయంలో స్టైపెండ్, క్రమం తప్పకుండా మాట్లాడే కౌన్సెలర్, సొంతంగా ఏదైనా పెట్టుకుంటే రుణం ఇప్పించడం, ఇవన్నీ రాసి ఉన్నాయి. పిల్లలు బయటకు వెళ్లడానికి రెండు నెలల ముందే వాళ్ల భవిష్యత్తు ప్రణాళిక బాలల సంక్షేమ కమిటీ ముందు ఉండాలి. పిల్లల సంరక్షణ కోసం కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య పథకం కింద ఆఫ్టర్ కేర్‌కు నెలకు 4,000 రూపాయలు ఇవ్వడానికి 2022 మార్గదర్శకాలు వీలు కల్పించాయి.

అయితే ఆ నాలుగు వేలు రావాలంటే దరఖాస్తు పెట్టాలి, బ్యాంకు ఖాతా పనిచేయాలి, ఆధార్ సరిగ్గా ఉండాలి. ఆ పిల్ల ఫలానా కాలేజీలోనో ఫలానా శిక్షణలోనో ఉందని కాగితం చూపించాలి. ఎక్కడో ఒక కాగితం తక్కువైతే ఫైలు ఆగిపోతుంది. మన పిల్లల విషయంలో అయితే మనం నాలుగుసార్లు తిరుగుతాం, తెలిసినవాళ్లకు ఫోన్ చేస్తాం. వీళ్ల కోసం తిరిగేదెవరు?

ఒక అబ్బాయి సంగతి చెబుతాను. పదో తరగతి మంచి మార్కులతో పాసై ఐటీఐలో చేరదామనుకున్నాడు. ఆన్‌లైన్‌లో దరఖాస్తు నింపుతుంటే ఆధార్‌కు ఓటీపీ వెళ్లింది. ఎవరి ఫోన్‌కు వెళ్లిందో తెలీదు. చిన్నప్పుడు ఆధార్ తీయించినప్పుడు హోమ్‌లో పనిచేసిన ఒక ఆయా నంబరు ఇచ్చారు. ఆవిడ ఎప్పుడో మానేశారు, ఆ నంబరు ఇప్పుడు ఇంకెవరిదో. సరే, మార్పిద్దామని ఆధార్ కేంద్రానికి వెళ్తే వేలిముద్రలు పడలేదు. పదిహేనేళ్లు నిండాక బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించాలి, ఇతనికి ఎవరూ చేయించలేదు. అది చేయించాక కుల ధ్రువీకరణ పత్రం దగ్గర ఆగింది. తండ్రి పేరు ఆధార్‌లో ఒకలా, స్కూలు రికార్డులో ఒకలా ఉంది. సచివాలయంలో హౌస్‌హోల్డ్ మ్యాపింగ్ అడిగారు. ఏ ఇంట్లోనూ లేని పిల్లాడిని ఏ కుటుంబంతో మ్యాప్ చేయాలో అక్కడివాళ్లకూ పాలుపోలేదు. వాళ్లు మంచివాళ్లే, కంప్యూటర్లో ఆ గడి ఖాళీగా వదిలే వీలు లేదంతే. ఈ కాగితాలన్నీ ఒక నల్ల ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, వానకు తడవకుండా చొక్కా లోపల దోపుకుని తిరిగేవాడు. మాలో రిటైరైన ఆయన అతని పక్కన కూర్చుని ఒక్కొక్క కాగితమే తెప్పించారు. ఆఖరి విడత కౌన్సెలింగ్‌లో సీటు వచ్చింది. ఎలక్ట్రీషియన్ అడిగాడు, ఫిట్టర్ దొరికింది. నెల ముందు ఈ పని మొదలుపెట్టి ఉంటే అడిగిందే వచ్చేది.

ఇంకో అమ్మాయి. ఇంటర్ అయ్యాక శ్రీకాకుళంలో ఇంకో ఇద్దరితో కలిసి గది తీసుకుంది, ఒక ల్యాబ్‌లో పని నేర్చుకుంటోంది. మొదటి రోజు రాత్రి మాలోని నర్సమ్మకు ఫోన్ చేసి, "అక్కా, ముగ్గురికి ఎంత బియ్యం పోయాలి?" అని అడిగింది. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల చూసిందల్లా పెద్ద గుండిగల్లో అరవై డెబ్బై మందికి వండటమే. బ్యాంకులో విత్‌డ్రాయల్ ఫారం నింపడానికి చేతులు వణికాయి. తన పేరు మీద డబ్బుందని తెలుసు, తీసుకోవడానికి ఎవరి అనుమతి అడగాలో తెలీక కౌంటరు పక్కన గంటసేపు నిలబడి వచ్చేసింది. చిన్నప్పటినుంచి సబ్బు, తలనూనె, చెప్పులు అన్నీ ఎవరో ఇస్తేనే తీసుకున్న పిల్ల. ఇప్పుడు అదే అమ్మాయి తన తర్వాత వచ్చిన ఇద్దరికి గ్యాస్ బుక్ చేయడం, నెల ఖర్చు రాసుకోవడం నేర్పుతోంది. నాలుగు వేల స్టైపెండ్ ఆమెకు ఎంత అవసరమో, ఆ రాత్రి ఫోన్ ఎత్తిన నర్సమ్మ కూడా అంతే అవసరం.

అద్దె గది సంగతి విడిగా చెప్పాలి. మన జిల్లాలో ఇల్లు అద్దెకు అడిగితే మొదటి ప్రశ్న ఏమిటో మీకు తెలుసు. "ఏ ఊరు బాబూ? ఎవరి తాలూకా?" అంటే ఎవరి మనిషివి అని. ఈ ప్రశ్నకు జవాబు లేక వెనక్కి వచ్చేసిన పిల్లలున్నారు. మాలో ఒకరు వెంట వెళ్లి, "మా తాలూకాయేనండీ, ఏదైనా ఉంటే నాకు ఫోన్ చేయండి" అంటే చాలు, అదే ఇంటాయన తాళం చేతికిస్తారు. ఈ మాట చెప్పడానికి డబ్బు ఖర్చు కాదు. మీ పేరుకు మీ వీధిలో ఒక విలువ ఉంది. దాన్ని ఒక పిల్లాడి కోసం వాడమని అడుగుతున్నాను.

హోమ్‌లలో పెరిగినవాళ్లే కాదు, ఇళ్లలో ఉంటూనే ఇలా ఒంటరైన పిల్లలు ఈ జిల్లాలో ఇంకా ఎక్కువ. ఉద్దానం సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కూల్చిందో చూస్తూనే ఉన్నాం. కారణం ఇదీ అని ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైంది, డయాలసిస్ కోసం దూరాలు పోయే బాధ కొంత తగ్గింది, అది పెద్ద మేలు. కానీ తండ్రిని వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు తీసుకెళ్లే పదిహేనేళ్ల పిల్లాడి హాజరు గురించి ఎవరు ఆలోచిస్తున్నారు? తండ్రి పోయాక తల్లి జీడిపప్పు బట్టీలో పనికి వెళ్తుంది. ఆవిడ వెనక పెద్దమ్మాయి కూడా వెళ్తుంది. జీడి గింజ తొక్కలోని నూనె చేతులకు అంటి చర్మం నల్లబడి ఊడుతుంది. ఆ వేళ్లతో పెన్ను పట్టుకోవడం ఎంత కష్టమో ఒకసారి ఆ అమ్మాయి చేతులు చూస్తే తెలుస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటలను పడగొట్టింది. మళ్లీ నాటిన కొబ్బరి కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఈలోగా ఇంటర్ మానేసిన కుర్రాళ్లు రైలెక్కి హైదరాబాద్‌కో చెన్నైకో భవన నిర్మాణ పనులకు వెళ్లిపోయారు.

ఇలాంటి ఇళ్లకు కూడా మిషన్ వాత్సల్యలో స్పాన్సర్‌షిప్ ఉంది. భర్త చనిపోయిన తల్లి దగ్గర ఉన్న పిల్లలు, తల్లిదండ్రులు లేక బంధువుల ఇంట్లో పెరుగుతున్నవాళ్లు, తల్లికో తండ్రికో ప్రాణాంతకమైన జబ్బున్నవాళ్లు దీనికి అర్హులు. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000 రూపాయలు దాటకూడదు. నెలకు 4,000, పద్దెనిమిదేళ్లు నిండే వరకు. పథకం ఉందని తెలియని తల్లులను నేను వరసగా చూస్తున్నాను. తెలిసినా, జిల్లా బాలల సంరక్షణ విభాగానికి వెళ్లాలంటే ఒక రోజు కూలి, రానుపోను చార్జీలు పోతాయి. కవిటి నుంచి శ్రీకాకుళం దగ్గరేమీ కాదు కదా.

తీరం వెంబడి కథ ఇంకోలా ఉంటుంది. బడి మానేసిన కుర్రాడు పెద్దవాళ్ల వెంట గుజరాత్‌లోని వెరావల్‌కు వేటకు పోతాడు. 2018 నవంబరులో అలా వెళ్లి పాకిస్తాన్ చేతికి చిక్కిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2020 జనవరిలో గానీ ఇళ్లకు రాలేదు. వేట మీద నాకు చిన్నచూపు లేదు. పదిహేడేళ్లకు ఇంకో దారి కూడా ఉందని ఆ కుర్రాడికి ఎవరూ చెప్పలేదన్నదే నా బాధ. కస్తూర్బా విద్యాలయాల్లో ఇంటర్ పూర్తిచేసే అమ్మాయిలది మరో టెన్షన్. సెలవులకు ఇంటికి వెళ్తే సంబంధం సిద్ధంగా ఉంటుంది. మేనమామతోనో, ఒంటరి నాయనమ్మతోనో మాట్లాడి, "నర్సింగ్‌లో సీటు వచ్చింది, మూడేళ్లు ఆగండి" అని కూర్చుని ఒప్పించే పెద్దమనిషి కావాలి. బాల్య వివాహ నిషేధ చట్టం అమ్మాయికి పద్దెనిమిది వరకే కాపాడుతుంది. ఆ తర్వాత ఆ పిల్ల చదువుకు ఆ పెద్దమనిషే దిక్కు.

ఇక తోడు ఉండటమంటే ఏం చేయాలో చెబుతాను. వారానికి ఒకసారి ఫోన్, నెలకు రెండుసార్లు కలవడం. మొదటి మూడు నెలలు సలహాలివ్వకుండా వినడం. ఇది అన్నిటికంటే కష్టం, ముఖ్యంగా మా టీచర్లకు. ఒక ఫైలు కొని అందులో ఆధార్, జనన ధ్రువీకరణ, కుల, ఆదాయ పత్రాలు, మార్కుల జాబితాలు, బ్యాంకు పుస్తకం వరసగా పెట్టించడం. పదిహేడు నిండగానే ఓటరు జాబితాకు ముందస్తు దరఖాస్తు చేయించడం. ఏ పరీక్షకు ఎప్పుడు నోటిఫికేషన్ వస్తుందో గుర్తుచేయడం. పైడిభీమవరం వైపు కంపెనీల్లో చేరితే పీఎఫ్ నంబరు ఏమిటో, జీతం చీటీ ఎలా చదవాలో చెప్పడం. జ్వరమొస్తే ఆసుపత్రిలో పక్కన కూర్చోవడం. సంక్రాంతికి ఇంటికి భోజనానికి పిలవడం. హాస్టళ్లు ఖాళీ అయ్యే ఆ నాలుగు రోజులు ఈ పిల్లలకు ఏడాది మొత్తంలో అన్నిటికంటే బరువైనవి.

చేయకూడనివి కూడా నిర్మొహమాటంగా చెబుతున్నాను. "మా ఇంట్లో ఉండి చదువుకుంటుంది, పనికి సాయంగా ఉంటుంది" అనే ఆలోచనతో దయచేసి రావద్దు. మీ మతం, మీ పార్టీ, మీ కుల సంఘం ఆ పిల్లల మీద రుద్దొద్దు. పద్దెనిమిది నిండనివాళ్లను కలవాలంటే బాలల సంక్షేమ కమిటీ అనుమతితోనే, హోమ్ సిబ్బందికి తెలిసే కలవాలి. పోలీసు వెరిఫికేషన్ అడిగితే నొచ్చుకోవద్దు. మేమందరం చేయించుకున్నాం. అమ్మాయిలకు మహిళలే తోడుగా ఉండాలి.

ఫొటోల గురించి ఒక మాట. భోజనాలప్పుడు పిల్లలతో ఫొటోలు తీసి వాట్సాప్ స్టేటస్‌లో, ఫేస్‌బుక్‌లో పెడుతున్నారు. ప్రేమతోనే పెడుతున్నారని తెలుసు. కానీ సంరక్షణలో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ నిషేధించింది. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. చట్టం అటుంచండి. కాలేజీలో చేరిన అబ్బాయికి తోటివాళ్లు అతని పదేళ్లనాటి ఫొటో, చేతిలో పళ్లెంతో ఉన్నది, చూపించి అడిగారు. వారం రోజులు క్లాసుకు వెళ్లలేదు. ఇప్పటికే పెట్టినవి ఉంటే ఈ రోజే తీసేయండి.

ఇంకోటి. మూడేళ్లు ఉండలేమనుకునేవాళ్లు మొదలుపెట్టకండి. ఇది కఠినంగా అనిపించవచ్చు. ఈ పిల్లల్ని ఇప్పటికే చాలామంది వదిలి వెళ్లారు. నాలుగు నెలలు ఆప్యాయంగా మాట్లాడి ఫోన్ ఎత్తడం మానేసే మనిషి వల్ల జరిగే నష్టం, అసలు ఎవరూ రాకపోవడం కంటే ఎక్కువ. అంత సమయం లేనివాళ్లు ఇప్పుడు చేస్తున్న భోజనాలు, పుస్తకాలే కొనసాగించండి, అవి కావలసినవే. లేదా ఒక చిన్న పని ఒప్పుకోండి. బ్యాంకు ఉద్యోగులు ఒక ఆదివారం వచ్చి ఫారాలు నింపడం, ఏటీఎం వాడటం, ఓటీపీ మోసాల సంగతి నేర్పవచ్చు. లాయర్లు పేర్ల సవరణలో సాయపడవచ్చు. షాపులు, వర్క్‌షాపులు ఉన్నవాళ్లు ఒక పిల్లాడికి జీతమిచ్చి పని నేర్పవచ్చు. విదేశాల్లో ఉన్న మనవాళ్లు ఆదివారం సాయంత్రాలు వీడియో కాల్‌లో ఇంటర్వ్యూకు ఎలా మాట్లాడాలో సాధన చేయించవచ్చు. మీలో నలుగురు కలిస్తే శ్రీకాకుళంలో ఆరుగురు పిల్లలు ఉండేందుకు ఒక చిన్న ఇంటికి అడ్వాన్సు, ఏడాది అద్దె కట్టడం పెద్ద లెక్క కాదు. నియమాల్లో రాసి ఉన్న ఆ గ్రూప్ హౌసింగ్ ఇక్కడ నిజంగా కనిపించాలంటే ఎవరో ఒకరు మొదటి ఇల్లు చూపించాలి.

ఈ లేఖ ప్రతిని జిల్లా కలెక్టర్ గారికి, బాలల సంక్షేమ కమిటీకి కూడా పంపుతున్నాను. వారిని కోరేది ఒక్కటే. వచ్చే పన్నెండు నెలల్లో పద్దెనిమిది నిండబోయే పిల్లలు ఏ హోమ్‌లో ఎంతమంది ఉన్నారో, పేర్లు లేకుండా సంఖ్య మాత్రం ఏటా ఒకసారి ప్రకటించండి. ఎంతమందికి ప్రణాళిక తయారైందో, ఎంతమందికి ఆఫ్టర్ కేర్ మంజూరైందో పక్కనే రాయండి. ఎంతమందికి మనుషులు కావాలో తెలిస్తే వెతకడం మా వంతు.

దాతలకు గడువు గురించి చెప్పి ముగిస్తాను. ఇంటర్ ఫలితాలు మామూలుగా ఏప్రిల్‌లో వస్తాయి. ఆ వెంటనే ఐటీఐ, పాలిటెక్నిక్, డిగ్రీ, నర్సింగ్ ప్రవేశాల హడావుడి మొదలవుతుంది. అప్పుడు మొదలుపెడితే ఫిట్టర్ సీటు దొరికిన అబ్బాయి సంగతే మళ్లీ జరుగుతుంది. కాగితాలన్నీ సరిచేయడానికి కనీసం ఆరు నెలలు కావాలి. అనుమతులకు, వెరిఫికేషన్‌కు కొంత సమయం పడుతుంది. కాబట్టి తోడుగా ఉండాలనుకునేవారు దసరా సెలవుల లోపే శ్రీకాకుళంలోని జిల్లా బాలల సంరక్షణ విభాగం కార్యాలయానికి వెళ్లి, ఆఫ్టర్ కేర్ పిల్లలకు తోడుగా ఉంటామని పేరు రాయించండి. ఉద్దానం మండలాల్లో ఉన్నవాళ్లు, మీ వీధిలో స్పాన్సర్‌షిప్‌కు అర్హత ఉన్న ఇల్లు కనిపిస్తే ఆ తల్లిని వెంటబెట్టుకుని వెళ్లండి. తండ్రి మరణ ధ్రువీకరణ పత్రం, ఆదాయ పత్రం, పిల్లల ఆధార్, స్టడీ సర్టిఫికెట్, బ్యాంకు పుస్తకం నకళ్లు తీసుకెళ్లడం మరవద్దు. ఏ పిల్లయినా ప్రమాదంలో ఉందని తెలిస్తే ఆలోచించకుండా 1098కి ఫోన్ చేయండి.

ఇట్లు,
సిక్కోలు పిల్లల కోసం పనిచేస్తున్న మిత్రుల తరఫున
ఒక ఉపాధ్యాయిని, శ్రీకాకుళం